పాత ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ మాకు నేర్పిన పాఠం

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు మమ్మల్ని యువతకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. బాగా చదవండి, సెల్‌ఫోన్ తగ్గించండి, మన భాష మరచిపోకండి అని మేము హాస్టల్లో రోజూ చెబుతూనే ఉంటాం. అవే మాటలు ఇక్కడా చెబితే మా పిల్లలు ముందు వరసలోనే నిద్రపోతారు. అందుకే ఈ రోజు ఒక వస్తువు గురించి చెబుతాం. మా హాస్టల్లో ఒక పాత ఎయిర్ రైఫిల్ ఉంది. ఒకసారికి ఒక్క పెల్లెట్ మాత్రమే పెట్టి కాల్చే రకం. దాని ట్రిగ్గర్ బాగు చేయబోయి మేము ఒక పెద్ద తప్పు చేశాం. తర్వాత ఆ తప్పు దిద్దుకున్నాం. ఆ రెండూ దాచకుండా చెబుతాం.

మేము అంటే ఒక్క వార్డెన్ కాదు. మా పీఈటీ సారు, వాచ్‌మన్ అన్న, వంట చేసే అక్కలు అందరం కలిపి మేము. తప్పు కూడా అందరిదీ.

ఆ రైఫిల్‌ను పీఈటీ సారు తెచ్చారు. ఆయన బంధువుల ఇంట్లో అటక మీద ఏళ్ల తరబడి పడి ఉందట. 0.177 అంగుళాల బోరు, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు. బారెల్‌ను మధ్యలో విరిచి కిందికి వంచితే లోపల పెద్ద స్ప్రింగు బిగుసుకుంటుంది. పెల్లెట్ పెట్టి బారెల్ మూసి ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ గాలి దెబ్బకు పెల్లెట్ పోతుంది. ఈ బోరు దాటకుండా, 20 జౌళ్ల శక్తి మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అలాగని అది బొమ్మ కాదు. కన్ను పోగొట్టడానికి ఆ శక్తి చాలు.

మన పిల్లలకు గురి కొత్త కాదు. ఉండేలు పట్టని పిల్లాడు మన గూడేల్లో అరుదు. విల్లు పట్టిన తాతలు ఇంకా ఉన్నారు. మన పక్కన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో 3 స్వర్ణాలు తెచ్చింది. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. మన పిల్లలకు కూడా ఒక్కసారి గురి చూసే ఆట రుచి చూపిద్దాం అనుకున్నాం.

వంటశాల వెనక 10 మీటర్లు కొలిచి సున్నం గీత గీశాం. ఇసుక బస్తాలు రెండు వరసలు పేర్చాం. టార్గెట్ కాగితం మీద నల్ల వృత్తం వెడల్పు 30.5 మిల్లీమీటర్లు. మధ్యలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆవగింజ దానికంటే పెద్దది. పిల్లలు ఆ చుక్కను చూసి నవ్వారు. "మేడమ్, ఇది కనపడదు, తగలదు" అన్నారు.

నిజంగానే తగల్లేదు. చుక్క సంగతి అలా ఉంచండి, కాగితానికే తగల్లేదు. దెబ్బలన్నీ కుడి వైపు, కిందికి పోతున్నాయి. పిల్లలు ట్రిగ్గర్ నొక్కలేక పళ్లు బిగిస్తున్నారు, భుజం ఎగరేస్తున్నారు. కళ్లు మూసేస్తున్నారు.

మేము బీఈడీ చదువుకున్నవాళ్లం కదా, కారణం కొలిచి చూద్దాం అనుకున్నాం. మెస్‌కు కూరగాయలు తూచే చిన్న కొక్కెం త్రాసు తెచ్చాం. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచుల మధ్య కదలకుండా ఉంచి, మూతి ఇసుక బస్తాల వైపు పెట్టి, కొక్కెం ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా వెనక్కి లాగాం. మూడున్నర కిలోల దగ్గర పేలింది. రైఫిల్ మొత్తం బరువు చూస్తే 3 కిలోలు. ఇక్కడే లెక్క తెలిసిపోయింది. తుపాకి బరువు కంటే ట్రిగ్గర్ లాగడానికి ఎక్కువ బలం కావాలి. అప్పుడు వేలు ట్రిగ్గర్‌ను కదిలించే లోపు తుపాకినే కదిలిస్తుంది. పిల్లల తప్పు ఏమీ లేదు.

ఇంతవరకు బాగానే చేశాం. ఆ తర్వాత చేసింది వినండి.

ట్రిగ్గర్ దగ్గర ఒక చిన్న స్క్రూ కనిపించింది. ఫోన్‌లో ఎవరిదో వీడియో చూశాం. అందులో ఆ స్క్రూ తిప్పితే ట్రిగ్గర్ తేలికవుతుందని చెప్పారు. అర చుట్టు తిప్పాం. తేలికైంది. పిల్లలు సంతోషంగా చప్పట్లు కొట్టారు. ఇంకో అర చుట్టు తిప్పాం. ఇంకా తేలికైంది. రెండు రోజులు దెబ్బలు కాగితం మీద పడ్డాయి. మేము పెద్ద మెకానిక్కులం అయిపోయాం అనుకున్నాం.

మూడో రోజు సాయంత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి బారెల్ విరిచి, బొటనవేలితో పెల్లెట్ పెడుతోంది. ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. లోపల పట్టు జారింది. బిగుసుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా వదిలేసింది. వంగి ఉన్న బారెల్ తలుపు కొట్టుకున్నట్టు పైకి లేచి మూసుకుంది. ఆ అమ్మాయి వేలు మధ్యలో ఉంది.

గోరు ఊడిపోయింది. వేలి చివర నాలుగు కుట్లు పడ్డాయి. ఎముక విరగలేదు. ఆ దారిలో జీపులో కూర్చుని ఆ పిల్ల చెయ్యి మా కొంగుతో చుట్టి పట్టుకున్నాం. అంత పొడవైన దారి మేము ఇంకెప్పుడూ చూడలేదు.

మర్నాడు వాళ్లమ్మ కొండ దిగి వచ్చింది. మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. "చదువుకోమని పంపానమ్మా" అని ఒక్క మాట అని, కూతురి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏకలవ్యుడి కథ మేము క్లాసులో ఎన్నిసార్లు చెప్పామో. గురువు బొటనవేలు అడిగి తీసుకున్నాడని చెప్పేటప్పుడు మాకే కోపం వచ్చేది. ఆ రోజు మా వంతు వచ్చింది. మేము అడగను కూడా అడగలేదు.

రైఫిల్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాం. ఐదు నెలలు తియ్యలేదు. దాన్ని అమ్మేద్దాం, పారేద్దాం అనుకుంటూ ఉన్నాం. వేలు మానాక ఆ అమ్మాయే ఒక రోజు స్టడీ అవర్ అయ్యాక వచ్చి నిలబడింది. "మేడమ్, ఆ తుపాకి ఎందుకలా చేసింది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. టీచర్లకు జవాబు లేకపోతే తెలిసినవాళ్లను అడగాలి కదా. వీడియో చూసే ముందు చేయాల్సిన పని అదే. ఆలస్యంగా చేశాం.

పోలీసు శాఖలో ఆయుధాలు బాగు చేసి రిటైరైన ఒక పెద్దాయన మైదానంలో ఉన్నారని తెలిసింది. ఒక ఆదివారం పీఈటీ సారు, మేము, ఆ అమ్మాయి, వాళ్లమ్మ బస్సెక్కి వెళ్లాం. వాళ్లమ్మను మేమే రమ్మన్నాం. ఆమెకు తెలియకుండా ఇక ఏ పనీ చేయకూడదని నిర్ణయించుకున్నాం.

పెద్దాయన ముందు స్క్రూ చూశారు. "ఎవరమ్మా దీన్ని ఇంత తిప్పింది?" అన్నారు. మేమే అని ఒప్పుకున్నాం. ఆయన వాళ్లింటి తలుపు గడియ చూపించారు. గడియ కడ్డీ చట్రంలోకి అంగుళం దూరితే తలుపు గట్టిగా ఉంటుంది కానీ తియ్యడానికి బలం కావాలి. కొంచెమే దూరితే వేలితో తీయొచ్చు, కానీ ఎవరైనా తలుపు తడితే చాలు ఊడిపోతుంది. ట్రిగ్గర్ లోపల కూడా అంతే. పిస్టన్ కడ్డీకి ఒక గాడి ఉంటుంది. ట్రిగ్గర్‌కు కలిసిన కొక్కెం ఆ గాడిలో పట్టుకుని మొత్తం స్ప్రింగు బలాన్ని ఆపుతుంది. దాన్ని సియర్ అంటారు. మేము స్క్రూ తిప్పి ఆ పట్టును అంచు దాకా తగ్గించేశాం. వెంట్రుకవాసి మీద నిలబడిన స్ప్రింగు అదను దొరకగానే జారింది.

అప్పుడు ఆయన చెప్పిన మాట ఈ ప్రసంగంలో అసలు మాట. "ట్రిగ్గర్ బరువు వేరు, గరుకు వేరు. మీకు బాధ పెట్టింది బరువు అనుకున్నారు. సగం బాధ గరుకుతనానిది. గరుకు తీస్తే చాలు, పట్టు జోలికి పోనక్కర్లేదు."

ఆ తర్వాత పని చూశాం. పెద్ద స్ప్రింగు బిగుతుగా కూరి ఉంటుంది కాబట్టి దాన్ని చేత్తో విప్పకూడదు. ఆయన బిగింపు సాధనంలో పెట్టి, ఒక్కో మర తిప్పుతూ నిదానంగా వదులు చేశారు. చేత్తో విప్పితే అది బల్లెంలా ఎగిరి వస్తుంది. లోపల గ్రీజు ఎండిపోయి చింతపండు జిగురులా నల్లగా అయిపోయింది. కొక్కెం ముఖం మీద సన్నటి తుప్పు ఉంది. ట్రిగ్గర్ తిరిగే పిన్ను అరిగి ఊగుతోంది. పిన్ను ఊగితే కొక్కెం ప్రతిసారి ఒకేచోట పట్టదు. అందుకే ఒక దెబ్బకు ఒకలా, ఇంకో దెబ్బకు ఇంకోలా ఉండేది.

ఆయన పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగారు. పిన్ను మార్చారు. తుప్పును సన్నటి నూనె రాయితో, కోణం మారకుండా, అద్దం తుడిచినట్టు నాలుగైదు సార్లు మాత్రమే రుద్దారు. మా అమ్మాయి అడిగింది, "తాతా, ఆకురాయితో అరగదీస్తే తొందరగా అవుతుంది కదా?" ఆయన ఆకురాయి తీసి దూరంగా పెట్టేశారు. ఆ ఇనుము లోపలంతా గట్టిది కాదట. పైన పలచటి పొర మాత్రమే గట్టిపరుస్తారు. ఆకురాయితో రుద్దితే ఆ పొర పోయి లోపలి మెత్తటి ఇనుము బయట పడుతుంది. మొదటి రోజు వెన్నలా ఉంటుంది. నెల తిరిగే లోపు అరిగిపోయి జారుతుంది. మన కొడవలికి కమ్మరి నీరు పట్టించిన అంచు పోతే ఎలా మొద్దుబారుతుందో అలాగే.

చివరికి రాపిడి తగ్గించే నల్లటి గ్రీజు ఆ రెండు ముఖాల మీద వేలి కొనతో రాశారు. స్క్రూను వెనక్కి తిప్పి పట్టు పూర్తిగా ఇచ్చారు. అంతా బిగించాక మా కొక్కెం త్రాసుతోనే తూచాం. రెండు కిలోలు. మేము స్క్రూ తిప్పి తెచ్చినంత తేలిక కాదు. కానీ నొక్కుతుంటే ఎక్కడా గీరుకోదు, ప్రతిసారి ఒకే చోట వదులుతుంది.

"ఇంకా తగ్గించమంటారా?" అని పెద్దాయన మమ్మల్ని పరీక్షించారు. మేము నోరు తెరిచే లోపే అమ్మాయి వద్దు అంది. పోటీల్లో వాడే రైఫిళ్ల ట్రిగ్గర్ చాలా తేలిక. కానీ వాటిలో మధ్యలో వేరే మీటలు ఉండి స్ప్రింగు బలం వేలి దాకా రాకుండా పంచుకుంటాయి. ఈ పాతదానిలో ఒకే కొక్కెం అంతా మోయాలి. దానికి రెండు కిలోలే న్యాయం.

తర్వాత పరీక్ష పెట్టారు. పెల్లెట్ పెట్టి, బారెల్ మూసి, మూతి ఇసుక వైపు ఉంచి, మడమను రబ్బరు సుత్తితో పదిసార్లు కొట్టారు. జారలేదు. ఖాళీగా పేల్చి చూడకూడదని కూడా చెప్పారు. పెల్లెట్ లేకపోతే ముందు గాలి అడ్డు ఉండదు, పిస్టన్ వెళ్లి గోడకు గుద్దుకుని పాడవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇనుము బాగు కావడం సగం పనే. మిగతా సగం వేలిది. హాస్టల్‌కు వచ్చాక మేము వేలికి చదువు మొదలుపెట్టాం. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగమే ట్రిగ్గర్‌కు తగలాలి. నేరుగా వెనక్కి, నిదానంగా బలం పెంచుతూ పోవాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. ఏడెనిమిది సెకన్లలో పేలకపోతే తుపాకి దించి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంట్లో సాధనకు అర లీటరు నీళ్ల సీసా చాలు. దారం కట్టి వేలికి తగిలించి, మోచెయ్యి బల్ల మీద ఆనించి, లోపల నీళ్లు ఊగకుండా వేలు మడవాలి. మా పిల్లలు రోజూ యాభై సార్లు చేశారు. చూసేవాళ్లకు పిచ్చి పనిలా ఉంటుంది.

ఇంకొకటి ఉంది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ పెల్లెట్ ఇంకా బారెల్‌లో ఉండగానే వెనక్కి, ముందుకి కుదుపు ఇస్తుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఆ కుదుపు ప్రతిసారి వేరే దిక్కుకు పోతుంది. పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు వదులుగా పట్టుకోవాలి. పేలిన తర్వాత కూడా రెండు లెక్కపెట్టే వరకు కదలకూడదు. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన ఒక తాత ఇది చూసి, మా విల్లూ ఇంతే, వదిలాక చెయ్యి కదిపితే బాణం అలుగుతుంది అన్నారు. పిల్లలు ఆ రోజు నుంచి ఆయన్నే గురువు అంటున్నారు.

నెల తర్వాత దెబ్బలన్నీ ఒక గ్లాసు మూతంత చోట పడ్డాయి. ఆ అమ్మాయి జిల్లా స్థాయి ఎంపికకు వెళ్లింది. ఎంపిక కాలేదు. అక్కడి పిల్లలు లక్షల రూపాయల రైఫిళ్లతో వచ్చారు. కానీ ఆమె తిరిగొచ్చి ఏడవలేదు. ఇప్పుడు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదువుతోంది. మిల్లీమీటరులో వందో వంతు కొలిచే పని నేర్చుకుంటోంది. బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ వేలు చూపించి, "మేడమ్, ఇదే నా మొదటి సర్టిఫికెట్" అని నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు మీలో కొందరికి మాత్రమే వర్తించే మాట. ఈ కథ విని ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. ఇంట్లో పాత నాటు తుపాకి ఉంది, ట్రిగ్గర్ బిగుతుగా ఉంది, ఎలా తేలిక చేయాలో చెప్పమన్నాడు. మేము చెప్పలేదు. మీకూ చెప్పం. ఎయిర్ రైఫిల్‌లో పట్టు జారితే వేలు తెగింది. మందు కూరిన నాటు తుపాకిలో పట్టు జారితే పక్కన నడిచేవాడి ప్రాణం పోతుంది. అందులోనూ మన దారుల్లో ముందు నడిచేది తమ్ముడో, మేనమామో అయి ఉంటాడు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా అలాంటి తుపాకి ఉంచుకోవడమే కాదు, దాన్ని బాగు చేయడం కూడా నేరం. వేట కూడా నేరమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ నుంచి తుపాకులు తీసుకెళ్లిన మన పెద్దలకు దాని వెనక ఒక పోరాటం ఉంది. ఇవాళ అటక మీద తుప్పు పట్టిన తుపాకి వెనక కేసు, కాటికాపరి తప్ప ఏమీ లేవు. ఊరి పెద్దలను వెంట పెట్టుకుని దాన్ని స్టేషన్‌లో అప్పగించండి. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే మాకు చెప్పండి, మేము వెంట వస్తాం.

గురి నేర్చుకోవాలని ఉన్నవాళ్ల కోసం మా హాస్టల్ గోడ మీద రాసుకున్నవి చెబుతాం. మూతి ఎప్పుడూ ఇసుక వైపే. బారెల్ విరిచి ఉన్నంతసేపు ఎడమ చేత్తో దాన్ని వదలకుండా పట్టుకోవాలి. ఆ రోజు మేము ఈ ఒక్కటి నేర్పి ఉంటే కుట్లు పడేవి కావు. కళ్లద్దాలు లేకుండా ఎవరూ గీత దగ్గరికి రాకూడదు. పెల్లెట్ సీసంతో చేసింది, అన్నం తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. పిట్ట మీద, కుక్క మీద, మనిషి మీద గురి పెట్టినవాడికి ఆ రోజుతో ఆట బంద్. స్క్రూ తిప్పాలనిపిస్తే ముందు తెలిసినవాళ్లను అడగాలి.

ఆ చివరి మాట తుపాకికే కాదు. మీ ఇళ్లల్లో మోటారుసైకిళ్లు ఉన్నాయి, కరెంటు మోటార్లు ఉన్నాయి, చేతిలో ఫోన్లు ఉన్నాయి. తొందరగా తేలిక చేసే స్క్రూ ప్రతిదానికీ ఒకటి ఉంటుంది. వీడియో దాన్ని చూపిస్తుంది. అది లోపల ఏ పట్టును తీసేస్తుందో మాత్రం చూపించదు. అడగండి. కొలవండి. గరుకు ఎక్కడుందో వెతికి తీయండి.

రైఫిల్ ఇప్పుడూ మా బీరువాలో ఉంది. తాళం చెవులు రెండు. ఒకటి మా దగ్గర, ఒకటి పీఈటీ సారు దగ్గర. ఇద్దరం ఉంటేనే బీరువా తెరుస్తాం. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వంటశాల వెనక సున్నం గీత దగ్గర ఉంటాం. గురి నేర్చుకోవాలనుకున్నవాళ్లు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రండి.